చాలిస్ కోరల్ మళ్లీ రంగు పుంజుకున్న తీరు

మా ఉప్పునీటి అక్వేరియంలోని చాలిస్ కోరల్ (పళ్లెంలా పరుచుకొని పెరిగే పగడపు జీవి) అంచు వెంట పాలిపోయి, ఒకచోట కణజాలం వెనక్కి తగ్గి తెల్లటి అస్థిపంజరం బయటపడింది. పరీక్షిస్తే ఆల్కలినిటీ (నీటి క్షారత) 8.5 డీకేహెచ్ (దాని కొలమానం), కాల్షియం 430 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) ఉన్నాయి, రెండూ సరైన స్థాయిలోనే ఉన్నాయి కనుక లోపం నీటిలో లేదని తేలింది. పార్ మీటరు (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతిని కొలిచే పరికరం) మాత్రం ఆ చోట 220 చూపింది. చాలిస్ కోరళ్లుగా పిలిచే ఎకినోఫిలియా, ఆక్సిపోరా వంటి ప్రజాతులకు సాధారణంగా 50 నుంచి 100 సరిపోతుంది కాబట్టి, దానిని రాతి నీడ పడే అడుగుభాగానికి దించాను.

అప్పుడే మరో కారణం కంటబడింది: పళ్లెంలా పరుచుకున్న కోరల్ నడిమి పల్లంలో మడ్డి పేరుకొని, దాని కింద కణజాలం బూడిదరంగుకు తిరుగుతోంది. పిపెట్‌తో మెల్లగా ఊది ఆ మడ్డిని తొలగించి, కోరల్‌ను కాస్త ఏటవాలుగా నిలిపి, పంపు ప్రవాహం నేరుగా తగలకుండా అద్దానికి కొట్టి తిరిగివచ్చేలా మళ్లించాను. నా దృష్టిలో ఈ మార్పే అన్నిటికంటె ముఖ్యమైనది.

దీపాలు ఆర్పాక ఇది పొడవైన స్పర్శకాలు చాచి పొరుగు కోరళ్లను కుడుతుంది కనుక చుట్టూ జానెడు ఖాళీ వదిలాను. ఆ వేళలోనే దాని నోళ్ల దగ్గర మైసిస్ రొయ్యల సన్నని ముక్కలు పెడుతున్నాను. బయటపడిన అస్థిపంజరం మీదికి ఇప్పుడు కొత్త కణజాలం పాకుతోంది.