బండి స్టార్ట్ కావడం లేదా? కార్బురేటర్ జోలికి పోకముందే ప్లగ్ విప్పి చూడండి

ప్లగ్ అంటే స్పార్క్ ప్లగ్, ఇంజన్‌లో పెట్రోల్‌ను మండించే నిప్పురవ్వ ఇచ్చేది. దాన్ని విప్పే పానా బండితో పాటు వచ్చిన టూల్ కిట్‌లో ఉందో లేదో ఇవాళే చూసుకోండి. లేకపోతే ఒకటి కొని సీటు కింద పెట్టుకోండి. స్టార్టింగ్ ట్రబుల్‌కు సగం జవాబు ప్లగ్ కొన మీదే కనిపిస్తుంది. అది చూడకుండా నేరుగా కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) విప్పించడం వల్లే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

పానా పట్టే ముందు అర నిమిషం పని ఉంది. కిల్ స్విచ్ (ఇంజన్ ఆపే స్విచ్) రన్ వైపే ఉందా? పెట్రోల్ కాక్ (ట్యాంక్ కింది కుళాయి) తెరిచి ఉందా, రిజర్వ్‌కు వచ్చిందా? కొత్త బండ్లలో చాలావాటికి సైడ్ స్టాండ్ తీయకపోతే ఇంజన్ స్టార్ట్ కాదు, అదీ చూడండి.

ప్లగ్ పొడిగా ఉందా, తడిగా ఉందా?

ఏడెనిమిది కిక్కులు కొట్టి, వెంటనే ప్లగ్ విప్పండి. కొన పొడిగా ఉంటే ఇంజన్‌లోకి పెట్రోల్ రావడం లేదు. కాక్, పైపు, ఫిల్టర్, కార్బురేటర్ ఇదే వరుసలో చూసుకుంటూ పోవాలి. పెట్రోల్ వాసనతో తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది కానీ మండడం లేదు. మసి పట్టి నల్లగా ఉంటే గాలి చాలడం లేదు, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, లేదా చోక్ (చల్లని ఇంజన్‌కు పెట్రోల్ పాలు పెంచే మీట) వేసి మరిచిపోయి ఉంటారు. ఆయిల్ జిడ్డుగా ఉంటే మాత్రం పిస్టన్ రింగులు గానీ, వాల్వ్ సీళ్లు గానీ అరిగాయి, అది షెడ్డులో చేసే పని. బిస్కెట్ రంగులో ఉంటే ప్లగ్ వరకు బాగానే ఉన్నట్టు.

తడిగా ఉంటే స్పార్క్ చూడాలి. ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప భాగాన్ని ఇంజన్ ఇనుముకు ఆనించి, రబ్బరు క్యాప్‌ను మాత్రమే పట్టుకుని కిక్ కొట్టండి. ప్లగ్‌ను దాని రంధ్రానికి దూరంగా ఉంచండి, దగ్గర్లో పెట్రోల్ ఒలికి ఉంటే ఈ పరీక్ష చేయకండి. నీలంగా, టిక్కుమని స్పార్క్ రావాలి. ఎర్రగా, నీరసంగా వస్తే కొత్త ప్లగ్ వేసి మళ్లీ చూడండి. స్పార్క్ బాగుంటే ఇంజన్‌లోకి పెట్రోల్ ఎక్కువైనట్టే. చోక్ తీసేసి, ప్లగ్ విప్పే ఉంచి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని పది కిక్కులు కొడితే లోపలి పెట్రోల్ ఆవిరై పోతుంది. ప్లగ్ తుడిచి బిగించండి.

వానలో తడిసిన పొద్దునే మొరాయిస్తే

మా నాన్న 100 సీసీ బండి రెండు వానాకాలాలు ఇలాగే ఏడిపించింది. ఒక షెడ్డులో కార్బురేటర్ పోయిందన్నారు, మార్పించాం. మళ్లీ వాన పడింది, మళ్లీ అదే కథ. ఒక రోజు తెల్లవారకముందే కిక్ కొడుతుంటే చీకట్లో కనిపించింది: ప్లగ్ క్యాప్ పక్క నుంచి సన్నటి నీలి మెరుపు ఇంజన్ రెక్కల మీదికి దూకుతోంది. క్యాప్‌కు వెంట్రుక మందాన పగులు ఉంది. అందులో తడి చేరగానే కరెంటు ప్లగ్ కొనదాకా పోకుండా దారిలోనే ఇంజన్‌కు దిగిపోతోంది. క్యాప్ మార్చాం, ఆ బాధ అంతటితో పోయింది. మీ బండి వానకే మొరాయిస్తుంటే ఒకసారి చీకట్లో చూడండి.

చల్లని పొద్దున ఒక్కటే ఇబ్బందైతే

చలికి పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, అందుకే చోక్. కార్బురేటర్ బండికి చోక్ పూర్తిగా వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా కిక్ కొట్టండి. స్టార్ట్ అయ్యాక ఒకటి రెండు నిమిషాల్లో చోక్ తీసేయండి. మిట్టమధ్యాహ్నం కూడా చోక్ లేనిదే ఆగిపోతుంటే కార్బురేటర్‌లోని స్లో జెట్‌లో (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం) చెత్త ఇరుక్కుంది. జెట్‌ను కార్బురేటర్ క్లీనర్ స్ప్రేతో కడిగి గాలి కొట్టించాలి. సూదితోనో తీగతోనో పొడవనివ్వకండి, రంధ్రం పెద్దదైతే జెట్ పాడైనట్టే.

వేడి మీద ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోతే

ముందు పెట్రోల్ ట్యాంక్ మూత తెరవండి. సుయ్యిమని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత బండి స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. శుభ్రం చేస్తే చాలు. అది కాకపోతే ట్యాపెట్లు (వాల్వుల దగ్గర ఖాళీ సరిచేసే భాగాలు) బిగువుగా ఉండొచ్చు. వేడికి వాల్వు సాగి, పూర్తిగా మూసుకోక కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) పోతుంది, కిక్ రాడ్ కాలి కింద తేలిగ్గా దిగిపోతుంది. ట్యాపెట్లు ఇంజన్ పూర్తిగా చల్లారాకే సెట్ చేయించాలి. వేడి మీద చేస్తే ఆ కొలత తప్పుతుంది.

నెలల తరబడి నిలబెట్టిన బండి

కార్బురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోల్ ఆవిరై జిగురు మిగులుతుంది. గిన్నె కింద డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, వదులు చేసి పాతది గాజు సీసాలోకి వదలండి. ఇప్పుడు పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. సీసా అడుగున నీరు విడిగా తేరితే ట్యాంక్ కూడా ఖాళీ చేయించాల్సిందే.

సెల్ఫ్ నొక్కితే టకటకమంటే

అది బ్యాటరీ. మల్టీమీటర్‌తో చూస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12 కంటే తగ్గితే చార్జింగ్ పెట్టాలి. చార్జింగ్ పెట్టాక కూడా సెల్ఫ్ నొక్కినప్పుడు 10 కంటే కిందికి పడితే దాని పని అయిపోయింది. పాత బండ్లలో చాలావాటికి స్పార్క్‌కు కరెంటు, ఇంజన్ తిరిగితే దాన్ని పుట్టించే మాగ్నెట్ కాయిల్ నుంచే వస్తుంది కాబట్టి బ్యాటరీ డౌన్ అయినా కిక్‌తో బయటపడొచ్చు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక ఎక్కువ బండ్లు కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. వాటిలో పెట్రోల్ పంపుకు కూడా బ్యాటరీ కావాలి. తాళం తిప్పగానే ట్యాంక్ దగ్గర రెండు మూడు సెకన్లు జుయ్యిమనే శబ్దం రావాలి. రాకపోతే ముందు బ్యాటరీ, ఫ్యూజు చూసి, ఆ తర్వాతే పంపు సంగతి.

వీటన్నిటికీ లొంగకపోతే షెడ్డుకు తీసుకెళ్లక తప్పదు. విప్పిన ప్లగ్‌ను తుడవకుండా కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లండి. స్పార్క్ వచ్చిందో లేదో, బండి ఏ వేళ మొరాయిస్తోందో మెకానిక్‌కు ముందే చెప్పండి.