పాత రేడియో నాటకం వినడం ఎలా?

ఆకాశవాణి నాటకం పెట్టుకుని, ఒక చేత్తో బీరకాయ తరుగుతూ, మధ్యలో రెండుసార్లు వాట్సాప్ చూసి, పావుగంటకి "ఎవరు ఎవరో తెలియట్లేదు, సాగదీశారు" అని ఆపేసేవాళ్లే ఎక్కువ. ఆ నాటకం సాగలేదు. వాళ్లు వినలేదంతే.

ఏది పెట్టుకోవాలి

గంట లోపు సాంఘిక నాటకం, ఐదారు పాత్రలకు మించనిది. యూట్యూబ్‌లో ఆకాశవాణి నాటకాలని వెతికితే బోలెడు దొరుకుతాయి. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రానివి వాటిలో చాలానే ఉంటాయి. చిలకమర్తి వారి 'గణపతి' నాటక రూపం మంచి మొదలు, నవ్వు వెంటబెట్టుకుని తీసుకుపోతుంది. 'కన్యాశుల్కం'తో మాత్రం మొదలుపెట్టకండి. పాత్రలు ఎక్కువ, పైగా అందులో కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషం కడతాడు. రంగస్థలం మీద ఆ సంగతి చీర చూస్తే తెలుస్తుంది. రేడియోలో గొంతును బట్టే పట్టుకోవాలి, కొత్త చెవికి అది కష్టం. పద్యనాటకాలు ఆర్నెల్ల తర్వాత.

ఫోన్‌లో ఏం మార్చాలి

వేగం 1.0 దగ్గరే ఉండాలి. 1.25లో వినేవాళ్లు వార్తలు వినుకోవచ్చు.

పాడ్‌కాస్ట్ యాప్‌లో నిశ్శబ్దాన్ని దాటేసే సదుపాయం ఉంటే ఆపేయండి. ఉదాహరణకి, డబ్బు పోయిన ఇంట్లో "నువ్వే తీశావా?" అని తండ్రి అడిగాక కొడుకు మూడు సెకన్లు పలకడు. తీసింది వాడేనని మనకి తెలిసేది అక్కడే. యాప్ ఆ మూడు సెకన్లు కత్తిరిస్తే వాడు టక్కున "లేదు నాన్నా" అన్నట్టు వినిపిస్తుంది, ఇంకేముంది, కథ తిరగబడినట్టే.

యూట్యూబ్‌లో 'స్టేబుల్ వాల్యూమ్' కూడా ఆపాలి. అది చిన్న శబ్దాన్ని పెంచి, పెద్దదాన్ని తగ్గిస్తుంది. మైకుకి దూరంగా జరుగుతూ మాట్లాడిన నటుడు గుమ్మం దాటి వెళ్లినట్టు ఉండాల్సింది, మన పక్కనే కూర్చున్నట్టు ఉంటాడు.

ఇయర్‌ఫోన్లు వద్దు, టేపు బుస నేరుగా చెవిలో పడుతుంది. ఒక చిన్న స్పీకరు, రెండు మూడు అడుగుల దూరంలో, చాలు. ఇయర్‌ఫోన్లు తప్పకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో, అంటే రెండు చెవుల్లో ఒకే శబ్దం, పెట్టుకోండి. క్యాసెట్ నుంచి ఎక్కించినవి కొన్ని ఒక చెవిలోనే పలుకుతాయి. మంద్ర, తార శబ్దాల్ని విడివిడిగా సర్దే ఈక్వలైజరు ఉంటే 100 హెర్ట్జ్ కింద, 6 కిలోహెర్ట్జ్ పైన కాస్త తగ్గించండి. బుస పూర్తిగా పోగొట్టే సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు, దాంతోపాటు ఊపిరి, చీర గరగర కూడా పోతాయి.

లైటు ఆర్పండి. ఫోను బోర్లా పెట్టండి.

మొదటి ఐదు నిమిషాలు

నాటకం చెడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

మొదట్లో అనౌన్సరు నాటకం పేరు, రచయిత పేరు చెబుతారు. చాలావాటిలో "పాల్గొన్నవారు" అంటూ పాత్రలూ కళాకారులూ కూడా వస్తారు. కొన్నిటిలో ఈ జాబితా చివర ఉంటుంది. మొదట్లోనే ఉంటే దాటేయకండి, ఒక కాగితం మీద పాత్రల పేర్లు రాసుకోండి. కళాకారుల పేర్లు అక్కర్లేదు. చిన్న పాత్రలు రెండు ఒకరే వేయడం ఉంటుంది, పోస్టుమాను గొంతూ పక్కింటాయన గొంతూ ఒకటేనని తెలిసిపోతే చికాకే తప్ప లాభం లేదు.

ఇక గొంతులు. రేడియో రచయితకి ముఖం చూపించే వీలు లేదు, అందుకని పిలుపుల్లో చెబుతాడు. "రా బావా, కూర్చో", "అత్తయ్యా, మీరుండండి", "ఏమే సీతా". నిజం ఇళ్లలో ఇన్నిసార్లు పిలుచుకోరని నవ్వుతారు కొందరు. ఆ పిలుపులు తీసేస్తే గదిలో ఎవరున్నారో మీకు ఎవరు చెబుతారు?

చిక్కంతా ఈ పిలుపుల్లోనే ఉంది. ఒకే మనిషి ఒకరికి బావ, ఇంకొకరికి అల్లుడుగారు, భార్యకి "ఏవండీ". కొత్తగా వినేవాళ్లు వీళ్లని ముగ్గురు మనుషులనుకుని, నాలుగో నిమిషానికి దారి తప్పుతారు. అందుకని పేరుకి గొంతు కాదు, గొంతుకి పేరు రాయాలి. కొత్త గొంతు వినిపించగానే ఒక గీత గీసి, గొంతు ఎలా ఉందో రెండు మాటల్లో రాయండి: బొంగురు, ముక్కుతో, సన్నం, తొందర. ఆ గొంతుని ఎవరు ఏమని పిలిచినా అదే గీత మీద చేర్చుకుంటూ పోండి. ఐదు నిమిషాలకి ఇంటి చుట్టరికం మొత్తం కాగితం మీద ఉంటుంది, ఇక కాగితంతో పని లేదు.

కాసేపు మాట్లాడని పాత్ర ఉన్నట్టుండి దగ్గుతుంది, లేదా "ఊఁ" అంటుంది. అది వట్టిదనుకోకండి. ఈ మాటలు వినేవాడు ఒకడున్నాడని రచయిత హెచ్చరిక.

దారి తప్పితే పది సెకన్లు వెనక్కి జరపడం దండగ. పిలుపులు రంగం మొదట్లో ఎక్కువ ఉంటాయి. రెండు రంగాల మధ్య సంగీతం ముక్క వస్తుంది, అక్కడిదాకా వెనక్కి వెళ్లండి. మొదటి ఐదు నిమిషాల్లోనే తప్పితే మళ్లీ మొదటికే. మూడోసారికీ అందకపోతే ఆ నాటకం మార్చండి. కింద కామెంట్లలో కథ చదివి వినడం మాత్రం పనికిరాదు, ముగింపు ముందే తెలిసిపోయాక చీకట్లో కూర్చోవడం దేనికి?

ఆ తర్వాత

గొంతు మెల్లగా తగ్గి ఆగితే చోటో కాలమో మారిందని, గొంతుకి ప్రతిధ్వని తగిలితే మనసులో మాటని అర్థం. రెండు నాటకాలకి ఇది దానంతటదే అలవాటవుతుంది.

గొంతులన్నీ చిన్నపిల్లల్లా సన్నగా, హడావిడిగా ఉంటే క్యాసెట్ వేగంగా తిరిగిందన్నమాట. ప్లేయరులో వేగం తగ్గిస్తే సరిపోదు, చాలా ప్లేయర్లు శ్రుతిని కదపవు. ఫైలు మీ దగ్గరుంటే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో శ్రుతినీ వేగాన్నీ కలిపి మార్చే ఎఫెక్టు వాడి, రెండు మూడు శాతం చొప్పున తగ్గిస్తూ అనౌన్సరు గొంతు మామూలు మనిషి గొంతయ్యేదాకా చూడండి. సంగీతంతో సరిచూడకండి. అది ఏ శ్రుతిలో వాయించారో మనకి తెలియదు.