మంచు నుంచి ఆవిరి దాకా: ఉష్ణోగ్రత గ్రాఫు ఎలా గీయాలి?

మంచును వేడిచేస్తూ ఉష్ణోగ్రతను నమోదు చేసే ప్రయోగం పాఠశాలల్లో తరచుగా జరుగుతుంది. అయినా మంచు కరుగుతున్నంతసేపు ఉష్ణోగ్రత మారదని చూపుతూ సున్నా డిగ్రీల దగ్గర అడ్డంగా రావలసిన సమాంతర రేఖ చాలా గ్రాఫుల్లో కనిపించదు. ఆ రేఖ కోసమే ఈ ప్రయోగం చేస్తామన్న సంగతి మరవకూడదు.

250 మి.లీ. బీకరు, స్పిరిట్ దీపం, ముక్కాలిపీట, తీగవల, గాజుకడ్డీ, స్టాండు, 110 డిగ్రీల వరకు చూపే ప్రయోగశాల థర్మామీటరు చాలు. మంచుకు బదులు కొవ్వొత్తి మైనం వాడనే కూడదు. మైనం పలు పదార్థాల మిశ్రమం కనుక ఒకే ఉష్ణోగ్రత వద్ద కరగదు.

మంచును గుడ్డలో చుట్టి, శనగగింజంత ముక్కలయ్యేలా దంచి, 100 గ్రాములు బీకరులో వేసి, కొద్దిగా చల్లని నీళ్లు పోయాలి. ఈ పని ఉదయాన్నే చేయాలి. మే నెలలో హనుమకొండలో మధ్యాహ్నం మొదలుపెడితే దీపం వెలిగించకముందే సగం మంచు కరిగిపోతుంది.

ఇక అందరూ తప్పుచేసేది ఇక్కడే. థర్మామీటరును స్టాండుకు బిగించి, దాని బుడ్డి బీకరు అడుగుకు గానీ గోడకు గానీ తగలకుండా మంచునీటి నడుమ ఉంచాలి. అడుగుకు తగిలితే అది చూపేది మంటకు కాగిన గాజు వేడిని.

దీపం చిన్నగా వెలిగించి, గాజుకడ్డీతో ఆపకుండా కలుపుతూ, ప్రతి అర నిమిషానికి రీడింగు రాయాలి. కలపడం ఆపితే మంచు పైకి తేలుతుంది. నీరు 4 డిగ్రీల వద్ద అత్యంత సాంద్రంగా ఉంటుంది కనుక ఆ నీరు కిందికి దిగుతుంది, పైన మంచు ఇంకా ఉండగానే థర్మామీటరు 4 చూపుతుంది. థర్మామీటరుతోనే కలిపేవారూ ఉన్నారు. బుడ్డి పగులుతుంది కాబట్టి ఆ అలవాటు మానుకోవాలి. రేఖ త్వరగా ముగియాలని మంట పెంచడమూ తప్పే. గ్రాము మంచు కరగడానికి సుమారు 334 జౌళ్ల గుప్తోష్ణం కావాలి, అంటే అంతే నీటిని సున్నా నుంచి 80 డిగ్రీలకు వేడిచేసేంత. ఆ వేడి స్థితి మార్పుకే ఖర్చవుతుంది కనుక చివరి ముక్క కరిగేదాకా ఓపిక పట్టక తప్పదు.

ఆ తరువాతిదంతా తేలిక. మధ్యలో కనిపించే చిన్న బుడగలు నీటిలో కరిగి ఉన్న గాలివి. వాటిని చూసి మరుగుతోందని రాయకూడదు. నీరు తెర్లినప్పుడు రెండో సమాంతర రేఖ వస్తుంది. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అది 99 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. పుస్తకంలో 100 ఉందని దిద్దకుండా, చూసిన అంకెనే గ్రాఫులో గుర్తించాలి.