వాననీటి మడిలో నీరు ఇంకడం లేదా? ముందు ఎగువన చూడండి, తర్వాత గుడ్డ తీయండి

అపార్టుమెంటు ఆవరణలో వాననీటిని నేరుగా కాలువలోకి వదలకుండా మొక్కల మడిలోకి మళ్లించి, ఇసుకలో వడగట్టి, భూమిలోకి ఇంకించే ఏర్పాటు ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను. మడి ఎలా తవ్వాలో మీకు తెలుసు, అందులోకి వెళ్లను. పార్కింగులో కారిన నూనె, టైర్ల పొడి, సిమెంటు, కుక్కల మలం తొలి వానకే కొట్టుకొస్తాయి. మడి పని చేయకపోతే అదంతా పక్క గెడ్డలో (వాగులో) పడి సముద్రానికి చేరుతుంది.

వాన లేని రోజున కూడా మడిలోకి నీరు వస్తోంది

అది వాననీరు కాదు. చాలావరకు ఎవరో బాల్కనీలో వాషింగ్ మెషీన్ పెట్టుకుని దాని గొట్టాన్ని వాననీటి పైపుకు కలిపి ఉంటారు. ఇంత తేలికైన పరీక్షను ఎవరూ చేయరు, ముందే గునపం పట్టుకుంటారు. ఎండ కాసే రోజున మడి నోటి దగ్గర, అంటే నీరు లోపలికి వచ్చే చోట, తడి ఉందేమో చూడండి. ఉంటే ఒక్కో బాల్కనీలో బట్టల నీలిమందు కలిపిన బకెట్ నీళ్లు పోయించండి. ఏ బాల్కనీలో పోసినప్పుడు కింద నీలం కనిపిస్తే ఆ పైపును మురుగు లైనుకు మార్పించండి. సబ్బునీరు ఆగనంతవరకు మిగిలిన మరమ్మతులన్నీ వృథా.

వాన పడుతుండగా నీరు మడి పక్క నుంచి పోతోంది

గొడుగు వేసుకుని వానలో నిలబడి చూడండి. నోటికి ఆకులు అడ్డం పడి ఉంటాయి, లేదా ఏటా వేసిన ఎరువూ మట్టీ కలిసి మడి మట్టం పెరిగిపోయి ఉంటుంది. మట్టి మట్టం నోటి కంటే కనీసం రెండంగుళాలు కిందకు ఉండాలి. చెక్కి తీసేయండి.

నీరు లోపలికి వస్తోంది, కానీ మూడు రోజులైనా ఇంకడం లేదు

అసలు చిక్కు ఇదే. బాగా పని చేసే మడి ఒక్క రోజులో ఖాళీ అవుతుంది. మూడు రోజులు దాటితే గట్టిగా పట్టించుకోవాలి, ఎందుకంటే మన వేడికి దోమ గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. ఇక్కడ అందరూ చేసే పని మడిని ఇంకా లోతుగా తవ్వడం, లేదా పైన ఇంకో లారీ ఇసుక పోయడం. రెండూ ఉపయోగం లేనివే.

విశాఖలో మధురవాడ, ఎండాడ వైపు కొండవాలు కోసి ఇళ్లు కడుతున్న చోట్ల ఎర్రమట్టి వానకు తేలికగా కరుగుతుంది. ఎగువన ఖాళీ స్థలం చదును చేసినా, గేటు పక్కన ఇసుక కుప్ప పోసినా, ఆ మెత్తటి మట్టి నీటితో మీ మడిలోకి వస్తుంది. కొంత పైన పలచటి పొరగా గట్టిపడుతుంది. ఆ పొర కనిపిస్తుంది కాబట్టి గీకేస్తారు, అయినా నీరు ఇంకదు. ఎందుకంటే మిగతా మట్టి ఇసుక గుండా దిగిపోయి, ఇసుకకూ కంకరకూ మధ్య పరచిన జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని దిగనిచ్చే ప్లాస్టిక్ నార గుడ్డ) మీద పేరుకుంది. ఇసుక కంకరలోకి జారకూడదని వేసిన ఆ గుడ్డే కాలక్రమేణా మూతలా బిగుసుకుపోతుంది. పై నుంచి చూస్తే ఏమీ తెలియదు.

రుజువు ఇలా దొరుకుతుంది. ఒక మూల అడుగు వెడల్పున ఇసుక తీసుకుంటూ గుడ్డ దాకా వెళ్లండి. ఇసుక జిగటగా, పిండితే నీరు కారేంత తడిగా ఉంటుంది. గుడ్డ మీద ఎర్రగా, వేలికి జారే బంక. గుడ్డను కత్తితో కోసి, కింద ఒక కంకర రాయి పైకి తీసి చూడండి. రాయి పొడిగా ఉంటుంది. మూడు రోజులుగా పైన నీరు నిలిచి ఉన్నా కింద కంకరకు చుక్క చేరలేదన్నమాట. కోసిన చోటు నుంచి నీరు గుడగుడమంటూ దిగిపోవడం మీ కళ్లముందే చూస్తారు.

గుడ్డను కడిగి మళ్లీ పరచకండి. అడుగున అడ్డంగా ఉన్నదంతా తీసేసి, మడి పక్క గోడలకు ఉన్నది మాత్రమే ఉంచండి. పెద్ద కంకర మీద 12 ఎం.ఎం. కంకర నాలుగంగుళాలు, దాని మీద 6 ఎం.ఎం. బేబీ చిప్స్ (సన్న కంకర) నాలుగంగుళాలు వేసి, ఆపైన కడిగిన ముతక ఇసుక పోయండి. రాయి పరిమాణం మెట్లు మెట్లుగా తగ్గితే ఇసుక కిందికి జారదు, గుడ్డ అవసరమే ఉండదు.

ఇదంతా చేసి ఎగువన చూడకపోతే మళ్లీ ఇదే గతి. వాన పడేటప్పుడు మడి నోటి దగ్గర నీటిని గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారాక కూడా నీరు ఎర్రగానే ఉంటే మట్టి ఎక్కడి నుంచి వస్తోందో ఆ నీటి దారి పట్టుకుని వెళ్లి వెతకండి. వాలుకు అడ్డంగా వట్టివేరు ఒత్తుగా నాటించండి, అది నాటుకునే దాకా కొబ్బరి పీచు చాప పరచండి. మడికి ముందు ఇటుకలతో చిన్న తొట్టి కట్టి, నీరు అందులో ఆగి పొర్లి వచ్చేలా చేస్తే ముతక మట్టి అక్కడే ఆగుతుంది. పక్కింటి నిర్మాణం జరుగుతుంటే, ఇసుక కుప్పకు దిగువన బస్తాలు పేర్చమని మేస్త్రీని అడగండి. వినకపోతే మళ్లీ అడగండి.

మిగిలినవి

మడి నుంచి బయటకు వచ్చే నీరు ఆకుపచ్చగా ఉందంటే ఎరువు ఎక్కువై ఉండవచ్చు, వేయడం ఆపండి. అడుగున బండ తగిలిన చోట, బీచ్ పక్కన పల్లపు స్థలాల్లో భూగర్భజలం పైకి ఉన్న చోట నీరు ఇంకకపోవచ్చు, అక్కడ అడుగున చిల్లుల పైపు వేసి వడగట్టిన నీటిని కాలువకు వదలాలి.

తవ్వి మార్చే పనులన్నీ మే నెలలో, మట్టి ఎండి ఉన్నప్పుడు చేయించండి. అక్టోబరు తుఫాను వానలకు మడి ఖాళీగా సిద్ధంగా ఉండాలి. గీకిన ఎర్రబురదను పైపుతో కాలువలోకి కడిగేయకండి, కూరగాయల కుండీల్లోనూ వేయకండి. అందులో పార్కింగు నూనె, లోహాల పొడి ఉంటాయి. ఎండబెట్టి సంచుల్లో కట్టి చెత్త బండికి ఇవ్వండి.