అల్బుమిన్ నానోకణాలు: ఇథనాల్ పద్ధతిలో తయారీ

మందును మోసే ప్రోటీన్ కణం చేయాలంటే అల్బుమిన్‌తో మొదలుపెట్టండి. నీళ్లలో ఇట్టే కరుగుతుంది, మన రక్తంలో ఎలాగూ ఉండేదే. పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందును అల్బుమిన్‌తో జోడించిన అబ్రాక్సేన్‌కు అమెరికాలో 2005లోనే అనుమతి దొరికింది. దాని కణాలు సుమారు 130 నానోమీటర్లు. అది హై ప్రెషర్ హోమోజినైజర్‌తో, అంటే ద్రవాన్ని అధిక ఒత్తిడితో సన్నటి సందులోంచి పంపే యంత్రంతో చేసేది. మామూలు ల్యాబ్‌కు ఇథనాల్ కలిపి ప్రోటీన్‌ను నీటిలోంచి కణాలుగా విడగొట్టే ఇథనాల్ పద్ధతి చాలు. చేయి తిరిగేదాకా చవకైన బోవైన్ (ఆవు) అల్బుమిన్‌తో సాధన చేయండి.

200 మి.గ్రా. అల్బుమిన్‌ను 10 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్ ద్రావణం 2 మి.లీ.లో, నురగ రాకుండా మెల్లగా కరిగించండి. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలతో పీహెచ్ 8.2కు తెచ్చి, 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌తో ఇప్పుడే వడపోయండి. కణాలు ఏర్పడ్డాక అయితే ఫిల్టర్ పూడుకుపోతుంది.

సైజును తేల్చేది ముఖ్యంగా పీహెచ్చే. అల్బుమిన్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్, అంటే దాని మీద మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్, 5కు దగ్గర. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ అణువుల మీద రుణావేశం పెరిగి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కణాలు చిన్నవిగా వస్తాయి. పీహెచ్ 7 దగ్గర పెద్దవవుతాయి. బ్యాచ్‌కో సైజు వస్తుంటే ముందు పీహెచ్ మీటర్‌నే అనుమానించండి.

ద్రావణం 500 ఆర్‌పీఎంలో తిరుగుతుండగా సిరంజ్ పంపుతో 8 మి.లీ. ఇథనాల్ వదలండి, నిమిషానికి 1 మి.లీ. చొప్పున. తేటగా ఉన్నది కాస్త నీలి మెరుపుకు తిరిగి, తర్వాత పల్చటి పాలలా మారాలి. పిపెట్‌తో ఒక్కసారిగా పోస్తే, పడిన చోటే ఇథనాల్ గాఢత పెరిగి ప్రోటీన్ ముద్ద కడుతుంది. స్టిర్ బార్‌కు తెల్లటి పీచులు చుట్టుకుంటే ఆ బ్యాచ్ పారేయడమే మేలు.

ఇక కణాలు గట్టిపడటానికి, ప్రోటీన్‌లోని అమైన్ సమూహాలను ఒకదానికొకటి ముడివేసే గ్లుటరాల్డిహైడ్ (8 శాతం) 235 మైక్రోలీటర్లు కలిపి 24 గంటలు తిప్పండి. ఇది విషపదార్థం, ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లోనే పని చేయండి. మానవ అల్బుమిన్‌లో అమైన్ ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లాలు 59, ఒక చివరి అమైన్ కలిపి 60 అమైన్లు. ఈ మోతాదు ఒక్కో అమైన్‌కు సుమారు ఒక గ్లుటరాల్డిహైడ్ అణువు. ట్రిస్, గ్లైసిన్ బఫర్లు అసలు వద్దు, వాటి అమైన్లే దాన్ని తినేస్తాయి. డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందుకూ అమైన్ ఉంది, అది కణానికి శాశ్వతంగా అతుక్కుని విడుదల కాకపోవచ్చు.

గట్టిపడ్డాయో లేదో చూడటానికి ఒక చుక్కను పది రెట్ల నీటిలో వేయండి. తెల్లదనం పోయి తేటబడితే కణాలు మళ్లీ కరిగిపోయినట్టే.

చివరగా 16,000 జి దగ్గర సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగు ముద్దను నీటిలో సోనికేట్ చేసి (అల్ట్రాసౌండ్ తరంగాలతో కదిలించి) విడదీయండి. ఇలా మూడుసార్లు. ఉప్పెక్కువ బఫర్‌తో కడిగితే గుంపులు కడతాయి. ఫ్రీజ్ డ్రై చేసేముందు 3 శాతం ట్రెహలోజ్ అనే చక్కెర కలపండి, లేకపోతే పొడి తిరిగి నీటిలో విడిపోదు.