ఎయిడ్స్ పరిశోధనకు విదేశీ పోస్ట్‌డాక్: ముందు ఎవరికి రాయాలి?

"అక్కా, అమెరికా గవర్నమెంటు గ్రాంటుకి ఎక్కడ అప్లై చేయాలి?" అని పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన శిక్షణకి, వెళ్లాలనుకునే మా విశాఖ జూనియర్లు అడుగుతుంటారు. తికమక అక్కడే. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో విదేశీ శిక్షణ చూసే ఫోగార్టీ సెంటర్ 1988లో మొదలుపెట్టిన ఎయిడ్స్ శిక్షణ పథకం డబ్బు ఇచ్చింది సంస్థలకి, మనుషులకి కాదు. విదేశీ పరిశోధకుల శిక్షణకి ఎన్‌ఐహెచ్ ఇచ్చే డి43 గ్రాంట్లదీ అదే పద్ధతి. కాబట్టి ఏ గ్రాంటు ఎవరికి వచ్చిందో చూపించే ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ సైట్‌లో డి43, హెచ్‌ఐవీ, ఇండియా అని వెతికి, గ్రాంటు చేతిలో ఉన్న ప్రొఫెసర్‌కే రాయండి. పోస్ట్‌డాక్‌లకి నేరుగా ఇచ్చే ఎఫ్32 ఫెలోషిప్ జోలికి పోకండి, అది అమెరికా పౌరులకి, గ్రీన్‌కార్డు వాళ్లకే. పోస్ట్‌డాక్ నుంచి సొంత ల్యాబ్‌కి మారేవాళ్లకిచ్చే కె99 గ్రాంటుకి ఆ అడ్డు లేదు.

నా మొదటి మెయిల్ రెండు పేజీలు. జవాబే రాలేదు. రెండోసారి ఐదు వాక్యాలు రాశాను: టీబీ, హెచ్‌ఐవీ కలిసున్న రోగుల మీద నా థీసిస్, నాకు చేతనైన ల్యాబ్ పని, వాళ్ల పేపర్లో నాకొచ్చిన ఒక సందేహం, తిరిగొచ్చాక ఇక్కడేం చేస్తాను, ఎప్పుడు ఖాళీ. మూడో రోజుకి జవాబు! తిరిగొచ్చే సంగతి మాత్రం దాటేయకండి. ఈ పథకాల ఉద్దేశమే అది.

దరఖాస్తుకి ఇక్కడి సంస్థ నుంచి కావలసిన ఉత్తరాలు ముందే తెచ్చుకోండి. ఒక్క సంతకం కోసం ఎండలో ఆరుసార్లు తిరిగాను. చివరికి దొరికిన నా ఫైలు మీద టీ గ్లాసు గుండ్రటి మరక. స్కాన్‌లో కూడా కనిపించింది, అలాగే పంపేశాను.

విదేశీ నిధులతో ఇక్కడి రోగుల మీద పని చేయాలంటే ఎథిక్స్ కమిటీతో పాటు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ద్వారా వెళ్లే ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి. దానికి నెలలు పట్టొచ్చు, వీసా టెన్షన్ కంటే ముందు దీన్ని కదపండి.