గాజు ఊదే క్లాసుకి వెళ్తున్నారా?

సియాటిల్ వైపు ఉన్నవాళ్ళకి ఈ సరదా తెలిసే ఉంటుంది. డిసెంబర్ సెలవులొస్తే చాలు, స్టూడియోకి వెళ్ళి మన చేత్తో మనమే రంగుల గాజు బుడగ చేసుకోవచ్చు. 1971లో గాజు కళాకారుడు డేల్ చిహూలీ వాళ్ళు పిల్‌చక్ గాజు బడి పెట్టిన ప్రాంతం కదా, ఇక్కడ నేర్పేవాళ్ళకి కొదవ లేదు.

కొలిమిలో గాజు దాదాపు 1,100 డిగ్రీల సెల్సియస్‌లో భగభగలాడుతుంటుంది. దాని జోలికి ఎవరూ పోరు. చెయ్యి కాలేది ఎరుపు తగ్గిన గాజుతోనే. 400 డిగ్రీల దగ్గర కూడా అది మామూలు సీసా ముక్కలాగే కనిపిస్తుంది. పొయ్యి మీది పెనం మాత్రం ఎర్రగా ఉంటుందా? కింద పడ్డ ముక్క బాగుందని పిల్లలు తీయబోతారు, వాళ్ళని ఓ కంట కనిపెట్టండి. చేస్తున్నది జారిపోతుంటే పట్టుకోవడానికి చెయ్యి చాచకండి, పోతే పోనివ్వండి. చల్లారే ముక్కలు టప్పున పగిలి ఎగురుతాయి కాబట్టి కళ్ళకి పెట్టుకున్న రక్షణ అద్దాలు తీయొద్దు.

దీపావళికి చెప్పే మాటే బట్టలకీ: నూలువే వేసుకోండి. పాలియెస్టర్ కుర్తా, నైలాన్ చున్నీ వద్దు. జడ ముడి వేసుకోవాలి, ఉంగరాలు, చేతి గాజులు ఇంట్లోనే వదిలి రావాలి. కాళ్ళకి బూట్లు.

రంగు ఎక్కడిదంటే, వేడి గాజుని రంగు గాజు నలుసుల మీద దొర్లిస్తారు. నీలానికి కోబాల్ట్, కొన్ని ఎరుపులకి బంగారం కూడా వాడతారు. కొన్ని రంగుల్లో సీసం, కాడ్మియం ఉంటాయి. పొడి రంగు చల్లేచోట మాస్కు లేకుండా నిలబడకండి, చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి. గర్భిణులు ముందే స్టూడియో వాళ్ళకి చెప్పాలి.

వేడి గాజు గొట్టం చివర ఉంటుంది, రెండో చివర నుంచి మెల్లగా ఊదితే చాలు. గాలి పీల్చుకునే ముందు గొట్టం నుంచి నోరు తీసేయండి. గొట్టం తిప్పడం ఆపితే గాజు ఓ పక్కకి వాలిపోతుంది. పిల్లలు ఇక్కడే టెన్షన్ పడతారు.

కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టండి. టూత్‌పేస్టు, పసుపు, ఐసు ఏదీ వద్దు. బొబ్బ పెద్దదైతే డాక్టరు దగ్గరికే.

చేసిన బుడగ ఆ రోజే చేతికి రాదు. దాదాపు 500 డిగ్రీల పెట్టెలో పెట్టి రాత్రంతా మెల్లగా చల్లారుస్తారు, తొందరపెడితే పగులుతుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి మర్నాడే తిరుగు ఫ్లైట్ ఉంటే, క్లాసుని ముందు వారానికే బుక్ చేసుకోండి.